పడిన సంగతి దాచే పరిస్థితి కల్పించకండి

మా పెద్దవంగర ప్రాంతంలో వయసు పైబడిన మనిషి మందగించిపోతే ఇంటివారు చెప్పే మాట ఒకటుంది: "ఇగ వయసయిపోయింది సారూ, కాలం దగ్గర పడ్డది." ఈ మాటలో నిర్దయ ఏమీ లేదు. పెద్దవారి అవసానాన్ని ఓర్పుతో అంగీకరించే సంస్కారమే ఉంది. కాని వైద్యునిగా నాకు ఈ మాట వినగానే ఒక సందేహం కలుగుతుంది. నెల రోజుల క్రితం వరకు తన పని తాను చేసుకొన్న మనిషి ఉన్నట్టుండి పగలంతా మగతగా పడి ఉంటే, మనుమల పేర్లు తారుమారు చేస్తుంటే, ఒక కాలు ఈడ్చి నడుస్తుంటే దానికి వయసును కారణంగా చెప్పడానికి వీలులేదు. వయసు నెల రోజులలో మీద పడేది కాదు.

పదవీ విరమణ చేసిన తరువాత కూడా బి.పి. చూపించుకోవడానికి, చీటీలు చదివించుకోవడానికి ఊరివారు మా ఇంటికి వస్తూనే ఉంటారు. ఇటువంటి మార్పు వచ్చిన వృద్ధులను తీసుకొని వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: "ఈ రెండు నెలలలో ఎక్కడైనా పడ్డారా? తలకు ఏమైనా తగిలిందా?" ఎక్కువసార్లు ఇంటివారి నుండి వచ్చే జవాబు "లేదు" అనే. వారు అబద్ధం చెప్పడం లేదు. వారికి తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ ఆ సంగతి చెప్పకుండా దాచి ఉంటుంది. ఈ వ్యాసం ఆ దాపరికం గురించీ, దాని వలన తలలో జరిగే అనర్థం గురించీ.

ముందుగా తలలో ఏమి జరుగుతుందో తెలుసుకొందాం. యౌవనంలో మెదడు పుర్రెను దాదాపు నింపి ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ మెదడు కొంత కుంచించుకొని పోయి, దానికీ పుర్రెకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. మెదడు ఉపరితలం నుండి పై పొరకు వెళ్లే సన్నని సిరలు ఆ ఖాళీలో సాగి, బిగువుగా వేలాడుతుంటాయి. అటువంటి తల దేనికైనా తగిలినపుడు, ఒక్కొక్కసారి తగలకపోయినా గట్టిగా కుదిపినట్లయినపుడు, ఆ సిరలలో ఒకటి చిట్లుతుంది. సిర కాబట్టి రక్తం చిమ్మదు, మెల్లగా ఊరుతుంది. ఖాళీ స్థలం ఉన్నది కాబట్టి వెంటనే మెదడు మీద ఒత్తిడి పడదు. ఆ రోజు మనిషి లేచి, దుమ్ము దులుపుకొని, వంట చేసుకొని తింటుంది. ఊరిన రక్తం చుట్టూ పలుచని పొర ఏర్పడి, ఆ పొరలోని పెళుసు రక్తనాళాల నుండి మళ్లీ మళ్లీ రక్తం స్రవిస్తుంది. రెండు వారాల నుండి రెండు నెలల లోపున ఒక రోజున ఆ గడ్డ మెదడును నొక్కడం ప్రారంభిస్తుంది. అప్పటికి పడిన సంగతి అందరూ మరచిపోయి ఉంటారు.

వైద్యశాస్త్రానికే ఈ సంబంధం గ్రహించడానికి చాలాకాలం పట్టింది. జర్మనీకి చెందిన విర్కౌ మహాశయుడు 1857లో ఈ జబ్బును మెదడు పొర వాపుగా వర్ణించాడు. దెబ్బ వలన సిరలు చిట్లడమే దీనికి మూలమని ఇంగ్లండు శస్త్రవైద్యుడు విల్‌ఫ్రెడ్ ట్రాటర్ చెప్పింది 1914లో. 1970 దశకంలో సి.టి. స్కాన్ వచ్చిన తరువాత గాని దీనిని తేలికగా కనిపెట్టడం సాధ్యం కాలేదు. అమెరికా మాజీ అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ 1989 జూలైలో మెక్సికోలో గుర్రం మీది నుండి పడ్డారు. అప్పుడు ఆయన వయసు 78. పెద్ద గాయమేమీ కాలేదనుకొన్నారు. సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో పరీక్షలు చేసినపుడు తలలో రక్తపు గడ్డ బయటపడి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. అధ్యక్షుని తలలోనే రెండు నెలల పాటు దాగి ఉన్న గడ్డ మన పల్లెలోని అవ్వ తలలో దాగి ఉండడంలో ఆశ్చర్యమేమున్నది?

కొన్నేళ్ల కిందట, ఒక కార్తీక మాసంలో, దగ్గరి పల్లె నుండి 78 ఏళ్ల అవ్వను ఆమె కొడుకు ఆటోలో తీసుకొని వచ్చాడు. ఆయన హైదరాబాదులో ఉద్యోగి. తల్లి ఒక్కతే ఊళ్లో ఉంటుంది. కుడి కాలు ఈడ్చుతున్నదని, చేతిలోని గ్లాసు జారిపోతున్నదని, మాట తడబడుతున్నదని చెప్పాడు. పక్షవాతమని అందరూ నిర్ణయించారు. పసరు మందు పోసే ఊరికి ప్రయాణమై, దారిలో బి.పి. చూపించుకొందామని మా ఇంటి ముందు ఆగారు. బి.పి. బాగానే ఉంది. నేను నా ప్రశ్న అడిగాను. కొడుకు లేదన్నాడు. అవ్వ కూడా లేదన్నది. తోడుగా వచ్చిన పక్కింటి ఆమె మాత్రం కొంచెం తటపటాయించి, "బతుకమ్మ పండుగ ముంగట దొడ్లె జారిపడ్డది గద సారూ, గిన్నెలు తోమే బండకు నెత్తి తాకింది. ఎవ్వలకు చెప్పకు అన్నది" అని చెప్పింది.

అవ్వ గుండె కోసమని కొన్నేళ్లుగా ఆస్పిరిన్ వాడుతున్నది. పసరు ప్రయాణం మాన్పించి వరంగల్‌కు పంపించాను. స్కానులో మెదడు ఎడమ వైపు పెద్ద రక్తపు గడ్డ కనిపించింది. పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు చేసి దానిని తీసివేశారు. వారం తిరగకముందే మాట స్పష్టమైంది. సంక్రాంతి నాటికి చేతికర్రతో తన వాకిట తానే నడిచింది. అసలైన పక్షవాతంలో ఇంత త్వరగా, ఇంత పూర్తిగా కోలుకోవడం అరుదు. పడిన దెబ్బ వలన వచ్చే ఈ 'పక్షవాతం' సకాలంలో గుర్తిస్తే చాలామందిలో నయమయ్యేది. గుర్తించకపోతే, రక్తం గడ్డ కట్టిందేమో అనే ఊహతో రక్తాన్ని పలుచబరిచే మాత్రలు మరికొన్ని తోడైతే, ప్రాణానికే ముప్పు. స్కాన్ చేయకుండా పక్షవాతానికి మందు వేయరాదని నేను పదే పదే చెప్పడానికి కారణమిదే.

తరువాత ఒకనాడు ఆ అవ్వను, ఎందుకు దాచావమ్మా అని అడిగాను. ఆమె చెప్పిన జవాబు ఈ సమస్యను ఏ పాఠ్యగ్రంథం కన్నా బాగా వివరిస్తుంది. "చెప్తే ఏమైతది సారూ? పట్నం తీస్కపోయి నాలుగో అంతస్తుల కూసోవెడ్తడు. బర్రెను అమ్మేస్తడు. నా ఇల్లు, నా వాకిలి అన్నీ బందయితయి."

వృద్ధులు పడిన సంగతి దాచేది మతిమరుపు వలన కాదు, భయం వలన. కొందరికి ఇల్లు విడిచిపోవలసి వస్తుందని భయం. కొందరికి కొడుకుకు ఖర్చు పెట్టించవలసి వస్తుందని. కొందరికి కోడలి ముందు లోకువైపోతామని. అన్నిటికన్నా సాధారణమైనది చీవాట్ల భయం. "నిన్నెవరు దొడ్లెకు పొమ్మన్నరు? కుదురుగ కూసోలేవా?" అని మనం విసుక్కొంటాం. అది ప్రేమతో వచ్చిన విసుగే. కాని దాని ఫలితం ఒక్కటే. రెండవసారి పడినప్పుడు ఆ సంగతి మనకు తెలియదు.

నెమ్మదిగా వచ్చే ప్రమాదం గురించి చెప్పాను. వేగంగా వచ్చే ప్రమాదం కూడా ఉంది. 2014 మార్చి 1న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టానికి ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతిగా ప్రణబ్ ముఖర్జీ గారిని తెలంగాణ వారు మరువలేరు. 2020 ఆగస్టులో, 84 ఏళ్ల వయసులో, ఢిల్లీలోని తమ ఇంట్లో స్నానాల గదిలో జారిపడిన ఆయనను సైనిక ఆసుపత్రిలో చేర్చి, మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని తొలగించారు. అప్పుడే కొవిడ్ కూడా ఉన్నట్లు తేలింది. ఆ నెల 31న ఆయన కన్నుమూశారు. మన మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు 2023 డిసెంబరులో ఎర్రవల్లిలోని తమ నివాసంలో రాత్రివేళ పడి, తుంటి ఎముక విరిగి, హైదరాబాదులో తుంటి మార్పిడి శస్త్రచికిత్స చేయించుకొన్నారు. సౌకర్యాలకు, సిబ్బందికి కొదవలేని ఇళ్లలోనే ఇలా జరిగినప్పుడు, దొడ్లో గుడ్డిదీపం వెలుగులో నడిచే మన వారి గతి ఊహించుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వలన మరణిస్తున్నారు. వారిలో 80 శాతానికి పైగా పేద, మధ్య ఆదాయ దేశాల వారే. మరణించే వారిలో అత్యధికులు 60 ఏళ్లు దాటినవారు.

పెద్దవారు పడి తలకు దెబ్బ తగిలినపుడు ఏమి చేయాలి? కంగారుగా చేతులు పట్టి లేపవద్దు. మెడ నొప్పి ఉన్నదా, చేతులు కాళ్లు కదులుతున్నాయా చూసుకొని నిదానంగా లేపండి. మెడ నొప్పి ఉన్నా, తుంటి దగ్గర నొప్పితో కాలు కదపలేకపోయినా కదిలించకుండా 108కి ఫోను చేయండి. స్పృహ తప్పినా, వాంతులు అయినా, మూర్ఛ వచ్చినా, చెవి ముక్కుల నుండి రక్తం గాని నీరు గాని కారినా, తలనొప్పి పెరుగుతున్నా, మాట గాని నడక గాని మారినా, లేపితే లేవనంత మగత వచ్చినా ఆలస్యం చేయకుండా స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. వాంతి అవుతుంటే మెడ మెలితిరగకుండా శరీరమంతా ఒక పక్కకు తిప్పి ఉంచాలి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి మందులు వాడేవారికి తల గట్టిగా తగిలితే, పైకి ఏ లక్షణం లేకపోయినా వైద్యుని చూడడం తప్పనిసరి. అలాగని ఆ మాత్రలను ఎవరికి వారు మానివేయకూడదు. గుండెలో స్టెంటు వేసినవారు, కృత్రిమ కవాటం అమర్చినవారు హఠాత్తుగా మానితే వేరొక ప్రమాదం ముంచుకొస్తుంది. మరొక సంగతి గుర్తుంచుకోండి. పడిన రోజున తీసిన స్కాన్ బాగున్నదంటే ఆ రోజుకు బాగున్నదని మాత్రమే. ఆ తరువాత రెండు నెలల పాటు మనిషిని గమనిస్తూ ఉండాలి. గోడ మీది క్యాలెండరులో పడిన తేదీ చుట్టూ ఒక సున్నా చుట్టండి. ఆ సున్నా డాక్టరుకు వంద మాటల పెట్టు. ఖర్చుకు వెనుకాడవలసిన పని లేదు. ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి, మెదడు శస్త్రచికిత్సలు ఆరోగ్యశ్రీలో కూడా ఉన్నాయి.

ఇక పడకుండా చూసుకోవడం. పెద్దవారు పడడానికి సాధారణంగా ఒక కారణం కాదు, రెండు మూడు కలుస్తాయి. తెల్లవారుజామున మూత్రానికని నులక మంచం మీది నుండి దిగ్గున లేస్తారు. లేచిన వెంటనే బి.పి. పడిపోయి కళ్లు తిరుగుతాయి. దీపం ఉండదు. షాబాదు బండ తడిగా ఉంటుంది. కాళ్లకు అరిగిన హవాయి చెప్పులు. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెంచినా ప్రమాదం తప్పుతుంది.

లేచేటప్పుడు మంచం అంచున కాళ్లు కిందికి పెట్టి రెండు నిమిషాలు కూర్చోవాలి. బి.పి. చూసే వారిని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల లోపు మరొకసారి చూడమని అడగండి. పై సంఖ్య 20 గాని కింది సంఖ్య 10 గాని తగ్గితే మందుల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి. నిద్రమాత్రలు, ప్రోస్టేటు మాత్రలు, మూత్రం ఎక్కువ చేసే బి.పి. మాత్రలు తూలు కలిగించగలవు. కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలపడం మన రాష్ట్రంలో అధికారులు పలుమార్లు పట్టుకొన్న విషయమే. సాయంత్రం కల్లు, రాత్రి నిద్రమాత్ర ఒక్క శరీరంలో కలిస్తే తెల్లవారుజామున కాలు నిలువదు. దూరానికీ దగ్గరికీ కలిపి ఇచ్చిన కళ్లద్దాలతో మెట్లు దిగేటప్పుడు కింది సగం నుండి చూడడం వలన మెట్టు మసకగా కనిపిస్తుంది. తల బాగా వంచి పై సగం నుండి చూడాలి. శుక్లాలు ఉంటే ఆపరేషన్ వాయిదా వేయవద్దు.

స్నానాల గదిలో గోడకు ఒక ఇనుప పైపు, కూర్చొని స్నానం చేయడానికి కదలని పీట, తలంటు రోజున నూనె జిడ్డు కడిగిన తరువాతనే మరొకరు అడుగుపెట్టడం, మంచం నుండి మరుగుదొడ్డి దాకా రాత్రంతా వెలిగే ఒక చిన్న బల్బు, చేతికర్ర అడుగున రబ్బరు తొడుగు, మడమ పట్టి ఉండే చెప్పులు. వీటికయ్యే ఖర్చు ఒక్కరోజు ఆసుపత్రి ఖర్చుకన్నా తక్కువ. చేతులు ఆనించకుండా కుర్చీలో నుండి లేచి కూర్చోవడం రోజుకు పదిసార్లు చేస్తే తొడల బలం నిలుస్తుంది. మొదట్లో పక్కన ఒకరు నిలబడాలి. కుర్చీలో నుండి లేచి, మామూలు నడకతో 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే ఆ మనిషి పడే అవకాశం ఎక్కువని గ్రహించాలి. ఈ పరీక్షకు గడియారం తప్ప మరేమీ అక్కరలేదు.

వృద్ధాశ్రమాల సంగతి కొంత చెప్పాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షను, ఆధారం లేని వృద్ధుల కోసం జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మందికి సరిపడే ఆశ్రమాలను దశలవారీగా నెలకొల్పాలని రాష్ట్ర ప్రభుత్వాలకు సూచిస్తున్నది. ఆశ్రమంలో మంచం, అన్నం, మందు ఉంటే చాలదు. నేను అప్పుడప్పుడు వెళ్లి వచ్చే ఒక ఆశ్రమంలో, ఎవరైనా పడితే రాయడానికి ఒక నోటు పుస్తకం పెట్టించాను. తేదీ, వేళ, చోటు, ఆ సమయంలో ఏమి చేస్తున్నారు, కాళ్లకు ఏమున్నది, తల తగిలిందా, ఏ మందులు వాడుతున్నారు. ఇంతే. మొదటి నెలలో పుస్తకం ఖాళీగా ఉంది. ఎవరూ పడలేదని కాదు, పడినవారు చెప్పలేదు, చూసిన ఆయాలు తమ మీదికి వస్తుందని రాయలేదు. రాసిన వారిని ఎవరూ మందలించబోరని నిర్వాహకులు అందరి ముందు చెప్పిన తరువాతే పుస్తకం నిండసాగింది. నాలుగు నెలలకు అందులో ఒక సంగతి స్పష్టమైంది. ఎక్కువమంది పడుతున్నది తెల్లవారకముందు, ఒకే మరుగుదొడ్డి గడప దగ్గర. ఆ గడపను తీయించి, దీపం పెట్టించారు. దాచిన కాలంలో ఆ గడప ఎవరి కంటికీ కనిపించలేదు.

పడకుండా ఉండాలని కొన్ని చోట్ల వృద్ధులను మంచానికో కుర్చీకో గుడ్డతో కట్టివేస్తుంటారు. ఇది అమానుషమే కాక నిష్ప్రయోజనం కూడా. కట్టివేసిన మనిషి కండ క్షీణించి, విప్పిన రోజున మరింత తేలికగా పడుతుంది. కట్లు విడిపించుకొనే ప్రయత్నంలో గాయపడిన వారూ ఉన్నారు. ఇంట్లో గాని ఆశ్రమంలో గాని వృద్ధులను ఇటువంటి నిర్బంధంలో చూస్తే, ఉదయం 8 నుండి రాత్రి 8 వరకు పనిచేసే వయోవృద్ధుల సహాయ కేంద్రం 14567కు ఫోను చేయవచ్చు. దీనికి రుసుము లేదు.

2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పెద్దవంగర మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రమైంది. కార్యాలయాలు దగ్గరయ్యాయి. కాని మా ఇళ్ల నుండి పిల్లలు దూరమవుతూనే ఉన్నారు. చదువుకొని పట్నం పోయినవారిని తప్పు పట్టడానికి లేదు. ప్రతి సాయంత్రం ఫోనులో "తిన్నవా అమ్మా? పైలమేనా?" అని అడుగుతారు. "మంచిగనే ఉన్న బిడ్డా" అని జవాబు వస్తుంది. ఆ ప్రశ్నకు వేరొక జవాబు చెప్పే తల్లి మన దేశంలో ఉండదు. అందుకని ఇకనుండి మరొక ప్రశ్న చేర్చండి: "ఈ వారంల ఎక్కడన్న కాలు జారిందా? నెత్తి తాకిందా?" అవునని జవాబు వస్తే ముందుగా చెప్పవలసిన మాట: "మంచిగ చెప్పినవమ్మా." ఎందుకు పోయావని అడగవద్దు. బర్రెను అమ్ముదామని అప్పుడే అనవద్దు. డాక్టరుకు చూపించిన తరువాత, దొడ్లో దీపం పెట్టించిన తరువాత, మిగిలినవి తీరికగా మాట్లాడుకోవచ్చు. పక్కింటివారి ఫోను నంబరు మీ దగ్గర ఉంచుకోండి. మీ తల్లి పడిన సంగతి మీకన్నా ముందు తెలిసేది వారికే.